మన పాటలు యాప్‌లోకి ఎక్కించుకోవడం ఎలా?



సెల్‌ఫోన్‌లో పాట వినడం ఇప్పుడు ఎవరికీ నేర్పాల్సిన పని కాదు. స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్, జియోసావన్, యాపిల్ మ్యూజిక్... ఏదో ఒక యాప్ అందరి ఫోన్లలోనూ ఉంటోంది. పాట పేరులో రెండు మూడు అక్షరాలు కొడితే చాలు, పాట మొదలైపోతుంది. అయితే ఒక్కసారి మన హాస్టల్ వార్షికోత్సవంలో మీ సీనియర్లు పాడిన పాట పేరు కొట్టి చూడండి. రాదు. మీ నాయనమ్మ నాట్లు వేస్తూ పాడే పాట కొట్టి చూడండి. అదీ రాదు. కోట్ల పాటలున్నాయని చెప్పుకునే యాప్‌లో మనవాళ్ల గొంతు ఒక్కటీ ఉండదు. ఎందుకంటే ఆ పాటలను ఏ కంపెనీ అమ్మలేదు, ఏ కంపెనీ కొనలేదు. అవి మన ఇంట్లో అటక మీద ఉన్న క్యాసెట్టులోనో, పాత నోకియా ఫోన్ మెమరీ కార్డులోనో, వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో వచ్చిన వాయిస్ మెసేజ్‌లోనో ఉన్నాయి.

ఆ పాటలను కూడా మనం రోజూ వినే యాప్‌లోనే, సినిమా పాటల పక్కనే పెట్టుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవారిలో కూడా ఎక్కువమంది ‘యాప్‌లో పెట్టేశాం కదా, ఇక భద్రం’ అనుకుంటున్నారు. ఎక్కించుకోవడం ఎలాగో, అది భద్రం ఎందుకు కాదో రెండూ ఈ వ్యాసంలో చెబుతాను. ప్రీమెట్రిక్ హాస్టల్ తమ్ముళ్ల దగ్గర ఫోను ఉండదని తెలుసు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీకే ఈ పని ఎక్కువ పడుతుంది, ఎందుకంటే క్యాసెట్టు ఉన్నది ఇంట్లోనే.

మెమరీ కార్డు కాలం, యాప్ కాలం

మా తరం వాళ్లం మొబైల్ షాపుకు వెళ్లి, పదో ఇరవయ్యో ఇచ్చి, మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకునేవాళ్లం. ఆ పాట ఫైలు రూపంలో కార్డులో ఉండేది. కార్డు తీసి ఇంకో ఫోన్లో వేస్తే అందులోనూ పాడేది. నెట్ అవసరం లేదు, ఎవరి అనుమతీ అవసరం లేదు.

స్ట్రీమింగ్ అలా కాదు. పాట కంపెనీ వారి కంప్యూటర్లలో ఉంటుంది. మనం నొక్కగానే అది చిన్న చిన్న ముక్కలుగా నెట్ ద్వారా వస్తూ ఉంటుంది, వచ్చిన ముక్కను వచ్చినట్టు ఫోను పాడేస్తుంది. బోరు మోటారు ఆన్ చేసినంతసేపే కాలువలో నీళ్లు పారినట్టు. పాటల హక్కుదారులతో ఆ కంపెనీకి ఒప్పందం ఉన్నన్నాళ్లే పాట ఉంటుంది. ఒప్పందం ముగిస్తే నిన్నటి దాకా విన్న పాట ఇవాళ బూడిద రంగులోకి మారి, నొక్కినా పలకదు.

‘మరి నేను డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను కదా’ అని ఒక తమ్ముడు అడిగాడు. యాప్‌లో డౌన్‌లోడ్ అంటే మెమరీ కార్డులో ఎక్కించడం లాంటిది కాదు. ఆ ఫైలుకు తాళం ఉంటుంది. ఆ తాళం చెవి యాప్ దగ్గరే ఉంటుంది. స్పాటిఫైలోనైతే కనీసం 30 రోజులకు ఒకసారి నెట్‌కు కలపకపోతే డౌన్‌లోడ్ చేసిన పాటలు పలకవు. డబ్బు కట్టడం ఆపినా అంతే. అందువల్ల యాప్‌లో మనం వినే పాటలు అద్దె ఇంట్లో ఉన్నట్టు. మన సొంత ఫైలు ఒక్కటే సొంతిల్లు.

చూపించడం వేరు, పంపించడం వేరు

సొంత ఫైళ్లను యాప్‌లోకి తీసుకునే పద్ధతులు ప్రధానంగా రెండు. ఈ తేడా తెలిస్తే మిగతాదంతా సులువు.

మొదటిది చూపించడం. ఫైలు మన కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది. ‘ఇదిగో, ఈ ఫోల్డరులో నా పాటలున్నాయి, చూసుకో’ అని యాప్‌కు చెబుతాం. అది అక్కడి నుంచే తీసి పాడుతుంది. కంపెనీ దగ్గరకు ఏమీ వెళ్లదు. స్పాటిఫై ఈ పద్ధతిలో నడుస్తుంది.

రెండోది పంపించడం. ఫైలు నకలు ఒకటి కంపెనీ కంప్యూటర్లకు ఎక్కుతుంది. తర్వాత ఏ ఫోన్లో మన ఖాతా తెరిచినా ఆ పాట కనిపిస్తుంది. యూట్యూబ్ మ్యూజిక్ ఈ పద్ధతిది. యాపిల్ మ్యూజిక్ కూడా దాదాపు ఇంతే.

మొదటి పద్ధతిలో ఫోను పోతే పాట పోతుంది. రెండో పద్ధతిలో కంపెనీ మూతపడితే పాట పోతుంది. ఎందులో చేరినా అసలు ఫైలును మాత్రం మన దగ్గర వేరేగా ఉంచుకోవాల్సిందే.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. మైస్పేస్ అని ఒకప్పుడు చాలా పేరున్న వెబ్‌సైట్ ఉండేది. కొత్తగా పాడేవాళ్లంతా తమ పాటలు అందులో పెట్టేవారు. సర్వర్లు మార్చేటప్పుడు 2003 నుంచి 2015 దాకా జనం పెట్టిన పాటలు పోయాయని 2019లో బయటపడింది. సుమారు 5 కోట్ల పాటలని పత్రికలు రాశాయి. గూగుల్ ప్లే మ్యూజిక్ అనే యాప్‌లో 50,000 దాకా సొంత పాటలు దాచుకునే వీలుండేది. 2020 చివర్లో అది మూతపడింది. వాళ్లు గడువిచ్చి యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకోమన్నారు. ఆ సంగతి పట్టించుకోనివాళ్ల పాటలు పోయాయి. మన దేశంలో ఎయిర్‌టెల్ వారి వింక్ మ్యూజిక్ కూడా 2024లో మూతపడింది. యాప్ అనేది వ్యాపారం. లాభం లేకపోతే షట్టర్ దించుతారు.

ముందు ఫైలు తయారు కావాలి

యాప్ సంగతి తర్వాత. అసలు పాట ఫైలు రూపంలో ఉండాలి కదా. మనలో చాలామందికి అసలు కష్టం ఇక్కడే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

క్యాసెట్టు ఉంటే మొదట దాని పైఅంచు చూడండి. రెండు చివర్లా చిన్న చిన్న ప్లాస్టిక్ చెక్కులుంటాయి. అవి రెండూ విరిచేయండి. అవి విరిస్తే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా దాని మీద కొత్తగా ఏదీ రికార్డు కాదు. మా బ్యాచ్ వాళ్లు పాడిన వార్షికోత్సవం పాటలు రెండు క్యాసెట్టుల్లో ఉండేవి. ఒకదాన్ని ఎవరో రికార్డింగ్ సెంటర్‌కు తీసుకెళ్లి దాని మీద సినిమా పాటలు కొట్టించుకున్నారు. ఆ చెక్కులు విరిచి ఉంటే అది జరిగేది కాదు. రెండోది ఒక మిత్రుడి ఇంట్లో బియ్యం డ్రమ్ము పక్కన ఇరవై ఏళ్లకు పైగా పడి ఉండి దొరికింది. అందులో ముందుండి పాడినవాడు ఇప్పుడు లేడు. వాడు పోయేనాటికి వాడి కూతురు నడక కూడా నేర్వలేదు. తండ్రి ఫొటో చూసింది కానీ గొంతు వినలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఫోన్లో ఆ పాట ఉంది. పాట మధ్యలో వాడు ఒకచోట దగ్గి, ‘ఆగండ్రా’ అని మళ్లీ అందుకుంటాడు. ఆ దగ్గు తీసేయమంటారా అని ఫైలు చేసిన కుర్రాడు అడిగితే ఆ అమ్మాయి వద్దంది.

క్యాసెట్టును టేప్‌రికార్డర్‌లో పెట్టగానే పాడించకండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ముందు చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. టేపు మీద తెల్లగా బూజు చుక్కలు కనిపిస్తే ఆ క్యాసెట్టును పాడించవద్దు, తెలిసినవారికి చూపించండి. టేప్‌రికార్డర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. గోధుమరంగు మురికి వస్తుంది. ఆ మురికి వల్లే పాట దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. మన చెవికి క్యాసెట్టు పాడైందనిపిస్తుంది గానీ పాడైంది అది కాదు.

తర్వాత టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు రెండు వైపులా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న వైరు కలపాలి. డెస్క్‌టాప్ వెనకాల ‘లైన్ ఇన్’ అని నీలంరంగు రంధ్రం ఉంటే అందులో పెట్టండి. లాప్‌టాప్‌లకు అది సాధారణంగా ఉండదు. అప్పుడు యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండ్ కార్డు కావాలి. ఏదీ దొరక్కపోతే తలుపులు మూసి, ఫ్యాను ఆపి, టేప్‌రికార్డర్ ముందు ఫోను పెట్టి రికార్డు చేయండి. నాణ్యత తగ్గుతుంది, కానీ ఏమీ లేకపోవడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

కంప్యూటర్‌లో రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు. 2000 నుంచి ఉచితంగా దొరుకుతోంది. పాట ఎంతసేపుంటే రికార్డు చేయడానికీ అంతసేపు పడుతుంది, ఇందులో దగ్గరి దారి లేదు. సీ-60 క్యాసెట్టుకు రెండు వైపులా కలిపి గంట, సీ-90కి గంటన్నర. రికార్డు చేసేటప్పుడు తెర మీద కదిలే గీత ఎర్రగీత దాకా పోకుండా శబ్దం తగ్గించి పెట్టుకోండి. ఒకసారి ఎరుపు దాటి చీలిన గొంతును తర్వాత బాగుచేయలేం. తక్కువగా రికార్డయితే తర్వాత పెంచుకోవచ్చు.

బుస్సుమనే శబ్దం తీసేయడానికి అందులో ‘నాయిస్ రిడక్షన్’ అనే ఏర్పాటు ఉంది. పాట లేని చోట, ఒట్టి బుస్ మాత్రమే ఉన్న రెండు సెకన్లు ఎంచుకుని దానికి చూపిస్తే, మిగతా అంతటా ఆ శబ్దాన్ని తగ్గిస్తుంది. కొంచెం వాడితే మేలు. ఎక్కువ వాడితే మనిషి బిందెలో తలపెట్టి పాడినట్టు ఉంటుంది. నా మటుకు నాకు బుస్ ఉన్నా సరే గొంతు గొంతులా ఉండటమే ఇష్టం. చప్పట్లు, ఈలలు, వెనకాల వార్డెన్ సారు ‘కూర్చోండి కూర్చోండి’ అనడం... ఇవి మాత్రం దయచేసి కత్తిరించకండి.

రికార్డయిన దాన్ని రెండు రకాలుగా దాచాలి. ఒకటి వేవ్ ఫైలు. ఇందులో శబ్దం ఏమీ తగ్గించకుండా ఉన్నదున్నట్టు ఉంటుంది. సీడీ నాణ్యతలో నిమిషానికి పది మెగాబైట్లకు పైగా, అంటే గంట క్యాసెట్టుకు సుమారు 635 మెగాబైట్లు పడుతుంది. మామూలు టేప్‌రికార్డర్‌కున్న ఒకే మైకుతో రికార్డు చేసిన క్యాసెట్టయితే ‘మోనో’ పెట్టండి, అందులో సగం చాలు. రెండోది ఎంపీ3. చెవికి పెద్దగా తెలియని శబ్దాలను వదిలేసి చిన్నది చేసే పద్ధతి ఇది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ శాస్త్రవేత్తలు దీని రూపకల్పనలో ముఖ్యులు. ఫైలు పేరు చివర ఎంపీ3 అని పెట్టాలని వాళ్లు 1995 జూలైలో నిర్ణయించుకున్నారు. 128 కిలోబిట్ల నాణ్యతలో నిమిషానికి ఒక మెగాబైటు లోపే, గంటకు 58 మెగాబైట్లు. వేవ్ ఫైలు దాచుకోవడానికి, ఎంపీ3 యాప్‌కు ఎక్కించడానికి. ఎంపీ3ని తీసుకోని యాప్ లేదు, కాబట్టి వేరే రకాల జోలికి పోనక్కర్లేదు.

పాత ఫోన్లలో రికార్డు చేసినవి ఏఎంఆర్ అనే రకంలో ఉంటాయి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఓపస్ రకంలో ఉంటాయి. వీటిని స్పాటిఫై తీసుకోదు. ఆడాసిటీకి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే అదనపు ముక్కను కలిపితే వీటిని తెరిచి ఎంపీ3గా మార్చి ఇస్తుంది. వాట్సాప్‌లో ఇంకో జాగ్రత్త. గ్రూపులో ఎప్పుడో వచ్చిన వాయిస్ మెసేజ్ ఆ గ్రూపులోనే పడి ఉంటే, ఫోను మార్చినప్పుడు బ్యాకప్ సరిగ్గా రాకపోతే పోయినట్టే. అమ్మ గొంతు అందులో ఉంటే ఈ రోజే వేరే ఫోల్డరులోకి తీసిపెట్టండి.

ఫైలుకు పేరు పెట్టడం

బారసాల లేని బిడ్డను ఏమని పిలుస్తాం? పేరు లేని పాట ఫైలు కూడా యాప్‌లో అంతే. ‘అన్‌నోన్ ఆర్టిస్ట్’ అనే కుప్పలో పడిపోతుంది, మళ్లీ వెతికితే దొరకదు.

ఇక్కడొక కిటుకు ఉంది. ఫైలుకు బయట కనిపించే పేరు వేరు, లోపల రాసి ఉండే పేరు వేరు. యాప్ చూసేది లోపలి పేరునే. దాన్ని ట్యాగ్ అంటారు. పాట పేరు, పాడినవారు, ఆల్బమ్, సంవత్సరం... ఇవన్నీ ఎంపీ3 ఫైలులోనే ఒక మూల రాసి ఉంటాయి. 1996లో మొదట వచ్చిన ట్యాగ్ పద్ధతిలో పాట పేరుకు 30 బైట్ల చోటు మాత్రమే ఇచ్చారు. ఇంగ్లీషుకు సరిపోయింది. ఇప్పటి యూనికోడ్ లెక్కలో తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడుతుంది. ఒత్తులు, గుణింతాలు, సున్నాలు కూడా విడివిడిగా లెక్కే. ‘వార్షికోత్సవం’ అన్న ఒక్క మాటకే 39 బైట్లు కావాలి, అంటే మాట పూర్తికాకుండానే చోటు అయిపోతుంది! 1998లో వచ్చిన రెండో రకం ట్యాగ్‌లో ఈ ఇబ్బంది లేదు. విండోస్‌లో ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ట్యాగులను తెలుగులోనే చక్కగా రాసుకోవచ్చు. అయితే యూనికోడ్‌లో టైపు చేయాలి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన పేర్లను తెచ్చి అతికిస్తే యాప్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇంకో తంటా. ‘బతుకమ్మ’ను ఒకరు టీతో, ఒకరు టీహెచ్‌తో రాస్తారు. వెతికేటప్పుడు ఎలా రాశామో గుర్తుండదు. తెలుగులో రాస్తే ఆ గొడవ లేదు.

ఏమి రాయాలి? ఒక క్యాసెట్టులోని పాటలన్నిటికీ ఆల్బమ్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి, అప్పుడే యాప్‌లో అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. పాడినవారి చోట ‘హాస్టల్ విద్యార్థులు’ అని రాసి ఊరుకోకండి. పేర్లు రాయండి. కోరస్ ఇచ్చినవారివి, డప్పు కొట్టినవారివి కూడా రాయండి. పాట రాసినవారి పేరు తెలిస్తే ‘కంపోజర్’ అన్న చోట రాయండి. తెలియకపోతే అది ఖాళీగా ఉంచడం మేలు, ఊహించి ఎవరి పేరో రాయడం కన్నా.

స్పాటిఫైలో

స్పాటిఫై మన దేశంలోకి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. కంప్యూటర్‌లో వాడేవారు దాని సాఫ్ట్‌వేర్‌ను వేసుకోవాలి, బ్రౌజర్‌లో తెరిస్తే ఈ సౌకర్యం ఉండదు. సెట్టింగ్స్‌లోకి వెళ్తే ‘షో లోకల్ ఫైల్స్’ అని ఒక మీట ఉంటుంది. అది వేయగానే కింద ఫోల్డరు కలిపే చోటు వస్తుంది. మన పాటల ఫోల్డరును చూపిస్తే, లైబ్రరీలో ‘లోకల్ ఫైల్స్’ అన్న పేరుతో అన్నీ వచ్చి కూర్చుంటాయి. అక్కడి నుంచి ఏ ప్లేలిస్టులోకైనా లాక్కోవచ్చు. ఒక సినిమా పాట, దాని వెనక మీ అక్క పాడిన ఉయ్యాల పాట, ఇలా.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో పాట ఫైలు ఫోన్లోనే ఉంటే యాప్ సెట్టింగ్స్‌లో లోకల్ ఫైల్స్ మీట వేసి, ఫైళ్లు చూడటానికి అనుమతి ఇస్తే సరి. ఐఫోన్‌లో అయితే ఫైల్స్ యాప్‌లో కనిపించే స్పాటిఫై ఫోల్డరులో పాటలు వేయాలి. కంప్యూటర్‌లోని పాటలను ఫోన్‌కు తెచ్చుకోవడానికి ఇంకో దారి ఉంది. రెండింటినీ ఒకే వైఫైకి కలిపి, ఆ పాటలున్న ప్లేలిస్టును ఫోన్లో డౌన్‌లోడ్ చేయడం. దీనికి డబ్బు కట్టే ప్రీమియం ఖాతా కావాలి. నా సలహా అడిగితే అంత తిప్పలు వద్దు, వైరుతో ఫైలును ఫోన్లోకి ఎక్కించి చూపించేయండి. యాప్‌లు మారినప్పుడల్లా ఈ మీటలు అటూ ఇటూ జరుగుతుంటాయి. ‘లోకల్’ అన్న మాట కోసం వెతకండి, దొరుకుతుంది.

ఇలా పెట్టిన పాటలకు డేటా ఖర్చు ఉండదు. రోజుకు ఒకటిన్నర జీబీతో నెట్టుకొచ్చే కాలేజీ హాస్టల్ తమ్ముళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఒక పరిమితి కూడా చెప్పాలి. ఆ ప్లేలిస్టును మిత్రుడికి పంపితే సినిమా పాటలు అతనికి వినిపిస్తాయి, మీ సొంత పాట వినిపించదు. అది మీ ఫోన్లో ఉందే తప్ప స్పాటిఫై దగ్గర లేదు కదా.

యూట్యూబ్ మ్యూజిక్‌లో

కంప్యూటర్ బ్రౌజర్‌లో మ్యూజిక్ డాట్ యూట్యూబ్ డాట్ కామ్ తెరిచి, పైన మన బొమ్మ మీద నొక్కితే ‘అప్‌లోడ్ మ్యూజిక్’ వస్తుంది. ఫైళ్లు ఎంచుకుంటే పైకి ఎక్కుతాయి. ఎంపీ3తో పాటు ఎం4ఏ, ఫ్లాక్, డబ్ల్యుఎంఏ, ఓజీజీ కూడా తీసుకుంటుంది. ఒక ఖాతాకు లక్ష పాటల దాకా పెట్టుకోవచ్చు. మనకు లక్ష ఎందుకు, వంద చాలు! తర్వాత ఫోన్లో అదే ఖాతాతో యాప్ తెరిచి, లైబ్రరీలో ‘అప్‌లోడ్స్’ చూస్తే పాటలు అక్కడ ఉంటాయి.

దీనిలో నాకు నచ్చిన విషయం, డబ్బు కట్టని ఖాతా అయినా మనం ఎక్కించిన పాటల మధ్యలో ప్రకటనలు రావు, తెర ఆపేసినా పాడుతూనే ఉంటాయి. ఇంట్లో ఒక కంప్యూటర్ లేకపోయినా నెట్ సెంటర్‌లో ఒక గంట కూర్చుంటే పని అయిపోతుంది. లేచేముందు ఖాతా నుంచి బయటికి రావడం మరవకండి.

చాలామంది యూట్యూబ్‌నూ యూట్యూబ్ మ్యూజిక్‌నూ ఒకటే అనుకుంటారు. యూట్యూబ్‌లో వీడియో పెడితే ఊరంతా చూస్తుంది. యూట్యూబ్ మ్యూజిక్‌లో ఇలా అప్‌లోడ్ చేసిన పాట మనకు తప్ప ఇంకెవరికీ కనిపించదు. పెట్టిన ఫైళ్లను ఎప్పుడైనా తిరిగి తెచ్చుకోవాలంటే గూగుల్ టేకౌట్ అనే సదుపాయం ఉంది.

యాపిల్ మ్యూజిక్‌లో నెలనెలా డబ్బు కట్టేవారికే ఈ సౌకర్యం. కంప్యూటర్‌లో ‘సింక్ లైబ్రరీ’ వేస్తే లక్ష పాటల దాకా తీసుకుంటుంది. రెండు గంటలు దాటినవి, 200 మెగాబైట్లు దాటినవి తీసుకోదు. కాబట్టి వార్షికోత్సవం మొత్తాన్ని ఒకే ఫైలుగా కాకుండా పాటలుగా విడగొట్టండి.

ఇవేవీ వద్దు, ఊరికే వింటే చాలు అనుకునేవారికి వీఎల్‌సీ ప్లేయర్ ఉంది. ఫోన్లో వేసుకుంటే ఏ రకం ఫైలునైనా దాదాపు పాడేస్తుంది.

చట్టం ఏమంటుంది?

1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. మనం కొన్న క్యాసెట్టును మనం వినడానికి ఫైలు చేసుకోవడం వేరు, దాన్ని వందమందికి పంచడం వేరు. ఇక మనవాళ్లు పాడిన పాటయినా, రాసింది వేరే కవి అయితే ఆ పాట మీద హక్కు ఆయన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. మీ ఫోన్లో మీరు వినడానికి ఇబ్బంది లేదు. యూట్యూబ్‌లో అందరికీ పెట్టాలంటే మాత్రం రాసినవారిని, పాడినవారిని అడగాలి. పాడినవారు లేకపోతే వారి ఇంటివారిని అడగాలి.

కొందరు ‘మన పాటను స్పాటిఫైలో అందరూ వినేలా పెట్టొచ్చా’ అని అడుగుతున్నారు. మనంతట మనం నేరుగా పెట్టలేం. 2018లో స్పాటిఫై కొద్దిమంది గాయకులకు నేరుగా పెట్టే అవకాశం ఇచ్చి చూసి 2019లో ఆపేసింది. ఇప్పుడు మధ్యలో పంపిణీ సంస్థ ద్వారానే వెళ్లాలి. అది మరో వ్యాసం.

ఎక్కడ దాచాలి?

వేవ్ ఫైళ్లు, ఎంపీ3లు రెండూ కనీసం మూడు చోట్ల ఉంచండి. ఒక పెన్‌డ్రైవ్ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉండే మిత్రుడి దగ్గర, మరో నకలు గూగుల్ డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్‌ను ఏడాదికోసారి తీసి అన్ని ఫైళ్లూ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఫైలు చేశాం కదా అని క్యాసెట్టును పారేయకండి, ఎండ తగలని చోట నిలువుగా నిలబెట్టి ఉంచండి. టీవీ మీద, స్పీకరు పక్కన పెట్టకండి, స్పీకరులో అయస్కాంతం ఉంటుంది.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వచ్చే వార్షికోత్సవానికి మీ దగ్గరున్న క్యాసెట్టులు తీసుకురండి. అట్ట మీద సంవత్సరం, పాడినవారి పేర్లు పెన్సిల్‌తో రాసి తెండి. గుర్తు రానివాళ్ల పేర్ల కోసం మీ బ్యాచ్ వాళ్లకు ముందే ఫోన్ చేయండి. కాలేజీ హాస్టల్ తమ్ముళ్లలో ఇద్దరు ఫైలు చేసిపెడతామన్నారు, గంట క్యాసెట్టుకు గంట పడుతుంది కాబట్టి ఒక రోజు ముందే ఇస్తే మంచిది. ఇచ్చే ముందు పైఅంచున ఆ రెండు చెక్కులు విరిచారో లేదో చూసుకోండి.